ఎర్రచుక్క ఉండేది చూడు

ఆ రోజు ఉదయం ఆమోసు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫినుకి ముందు అత్తగారి గొంతు రికార్డు చెయ్యాలి. ఆఫీసులో టీ వచ్చేలోగా దాన్ని గేములోకి ఎక్కించాలి. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకి చక్రి పరువు కృష్ణలో కలవాలి. అంతకుమించి ఆ రోజుకి అతను దేవుణ్ణి ఏమీ కోరలేదు. నిజానికి ఇది కూడా కోరలేదు. ఇలాంటివి ప్రార్థనలో పెడితే బాగుండదని తెలిసినవాడే.

విజయవాడ పటమటలో ఒక స్వీట్ల షాపు పైన, రెండో అంతస్తులో ఉన్న చిన్న గేముల కంపెనీలో ఆమోసు సీనియర్ డిజైనరు. వాళ్ళు తయారుచేస్తున్న గేము పేరు 'దూరపుచుక్క'. ఆడేవాళ్ళు ఒక అంతరిక్ష నౌకని నడుపుకుంటూ, ఎవరూ చూడని గ్రహాలను వెతుక్కుంటూ పోవాలి. పోవాలన్నది అనుకున్న మాట. జరిగేది వేరు. ఒక మీట నొక్కగానే చుట్టుపక్కల గ్రహాలన్నీ మ్యాపు మీద పచ్చటి గుర్తులై వెలిగేవి. గుర్తు దగ్గరికి పోవడం, అక్కడున్నది ఎత్తుకోవడం, వెనక్కి రావడం. ముందుగా ఆడి చూసినవాళ్ళలో ఒకాయన, ఇది అన్వేషణ కాదండీ, పార్సిళ్ళు అందించే ఉద్యోగం అని రాశాడు. కంపెనీ యజమాని లక్ష్మీకాంత్ గారికి ఆ మాట గట్టిగా తగిలింది. అన్వేషణ అన్నదాన్ని మొత్తం మార్చి తీరాలని అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

ఆమోసు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. దాని పేరు స్కానరు. ఏడు రకాల తరంగాలు, ఎనిమిది మీటలు, ఒక్కో గ్రహాన్ని పసిగట్టడానికి సరిపోల్చుకోవలసిన రంగురంగుల గీతలు. దాన్ని అతను కన్నబిడ్డలా పెంచుకున్నాడు. చిక్కల్లా ఒక్కటే, ఆడి చూసినవాళ్ళు ఐదో మీట దగ్గర ఆవులించేవారు.

అతని తరవాత చేరిన తోటి డిజైనరు చక్రి లేచి రెండే ముక్కలు చెప్పాడు. "మ్యాపు మీద గుర్తులు తీసేద్దామండీ. దారి అడిగి తెలుసుకోనిద్దాం."

గుర్తులు తీసేసి, మధ్యమధ్య మజిలీల్లో మనుషుల్ని పెడతాడట. నౌక నడిపేవాడు అక్కడ ఆగి, ఫలానా గ్రహానికి దారెటని అడగాలి. వాళ్ళు చెప్పిన ఆనవాళ్ళు పట్టుకుని తనే వెతుక్కోవాలి. లక్ష్మీకాంత్ గారు కుర్చీలోంచి లేచి చక్రి భుజం తట్టాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఆమోసు భుజం ఆయన ఒక్కసారే తట్టాడు, అదీ బల్లి పడితే.

ఆమోసుకి చక్రి అంటే అసూయ. ఈ సంగతి మెత్తగా చెప్పడానికి వీల్లేదు. చక్రి చేరిన కొత్తలో జోకు వేస్తే అందరూ నవ్వారు, ఆమోసూ నవ్వాడు. వారం పోయాక అదే జోకు తను వేస్తే అందరూ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. కింద టీకొట్టువాడు చక్రికి మీగడ వేసి ఇస్తాడు, ఆమోసుని చిల్లర ఉందా అంటాడు. ఆఫీసులో ఏసీ గాలి చక్రి కుర్చీ మీదికి, ఏసీ నీళ్ళు ఆమోసు కుర్చీ మీదికి. పోనీ, చక్రి చెడ్డవాడైతే కొంత ఊరటగా ఉండేది. ఆ అదృష్టం కూడా లేదు. ఆమోసు గారూ అని తప్ప పిలవడు. పోయిన క్రిస్మస్‌కి ఇంటికి వచ్చి, అత్తగారు సంపూర్ణమ్మ ఫోనులో అక్షరాలు పెద్దవి చేసిపెట్టి వెళ్ళాడు. అప్పటినుంచి ఆవిడ, ఆ చక్రి అబ్బాయి బాగున్నాడా బాబూ అని వారం వారం అడుగుతుంది. అల్లుడు బాగున్నాడా అని అడగదు. ఎదురుగానే ఉన్నాడు కదా, అడగడం ఎందుకని కాబోలు.

అన్నిటికన్నా ఆమోసుని కాల్చేసింది మరొకటి. చక్రి ఆలోచన బాగుంది. ఎంత బాగుందో ఆ గదిలో అందరికన్నా ముందు తెలిసింది తనకే.

గేములు కొని బజారులోకి విడుదల చేసే హైదరాబాదు సంస్థ నుంచి ఛాయాదేవి గారనే ఆవిడ ఆ రోజే వస్తోంది. ముందు చక్రి పద్ధతి చూపిస్తారు. ఆవిడ మొహం చిట్లిస్తే ఆమోసు స్కానరు చూపిస్తారు. ఆవిడ దేనికి ఊ అంటే దాని తాలూకు మనిషి అన్వేషణ విభాగానికి లీడ్ అవుతాడు. ఆ కుర్చీ కోసం ఆమోసు పన్నెండేళ్ళుగా ఏసీ నీళ్ళకి తడుస్తున్నాడు. గేములో మజిలీ మనిషికి చక్రి యంత్రం గొంతు పెట్టాడు. అది రైల్వే స్టేషన్లో ప్రకటనలా ఉందని, మనిషి గొంతు ఏదైనా చూడమని లక్ష్మీకాంత్ గారు ముందు రోజు సాయంత్రం అన్నప్పుడు, ఆమోసు చెయ్యెత్తాడు. తన అత్తగారి గొంతు ఉంది, పొద్దున్నే తెస్తానన్నాడు. లక్ష్మీకాంత్ గారు కదిలిపోయి, అందరూ ఆమోసుని చూసి నేర్చుకోవాలన్నాడు.

నేర్చుకోవలసినది ఏమిటో సంపూర్ణమ్మని ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఆవిడ చల్లపల్లి దగ్గర టీచరుగా చేసి రిటైరై, గుణదలలో ఆమోసు ఇంట్లోనే కూతురు కృప దగ్గర ఉంటోంది. వయసులో ఉండగా ట్రైనింగు చదివింది బెజవాడలోనే కాబట్టి, ఈ ఊళ్ళో తనకి తెలియని సందు లేదని ఆవిడ నమ్మకం. ఆ సందులు అప్పటివి. ఆవిడ ఎవరికి దారి చెప్పినా, అక్కడ మిల్లు ఉండేది చూడు, ఇక్కడ హోటలు ఉండేది చూడు అంటూ ఇప్పుడు లేనివాటి మీదుగా నడిపిస్తుంది. ఆమోసు పెళ్ళినాడు ఆవిడ చెప్పిన దారిని వచ్చిన మగపెళ్ళివారి బస్సు ఇంకో చర్చికి చేరింది. అందులో జనం అక్కడి పెళ్ళిలో కూర్చుని రెండు కీర్తనలు పాడాక గానీ, పెళ్ళికొడుకు మనవాడు కాదని పోల్చుకోలేదు.

టిఫినుకి ముందు ఆమోసు తన ఫోను బల్ల మీద పెట్టి, గేము మ్యాపు చూపించాడు.

"అత్తయ్యా, ఇదొక ఊరనుకోండి. మీరిక్కడున్నారు. ఎవరో వచ్చి నీలిదిబ్బకి దారెటండీ అని అడిగారు. మీరు మామూలుగా ఎట్టా చెప్తారో అట్టాగే చెప్పండి."

"ఇందులో రాసింది చదవొద్దా బాబూ?"

"అది చక్రి రాసిందండీ. గేము చక్రిదే గానీ, మాటలు మీవే ఉండాలి."

సంపూర్ణమ్మ కళ్ళజోడు సర్దుకుని మ్యాపుని తేరిపార చూసింది. ఒక మూల ఎర్రటి మరక కనిపిస్తే ఏమిటని అడిగింది. అది ఆరిపోయిన చుక్క తాలూకు ధూళి అని ఆమోసు చెప్పాడు. చెప్పేటప్పుడు అతని గొంతు కొంచెం మారింది. ఆ ధూళి అతను చేసిందే. తన స్కానరు పసిగట్టడానికని రోజుల తరబడి కూర్చుని రేణువు రేణువుగా అల్లాడు. దగ్గరికి పోయి చూస్తే తప్ప కనబడదు. ఇంతవరకూ దగ్గరికి పోయినవాళ్ళు లేరు.

సంపూర్ణమ్మ గొంతు రికార్డుకే అయినా పైట సర్దుకుంది. ఆ తరవాత ధారాళంగా చెప్పింది. "ఇక్కడే నాయనా, ఎంతో దూరం లేదు. తూర్పుకి తిరిగి తిన్నగా పో. ఎర్రచుక్క ఉండేది చూడు, ఇప్పుడు లేదులే, ఆరిపోయింది, అది ఉండే చోట ఉత్తరానికి తిరుగు. ఎవరినడిగినా చెప్తారు."

ఆమోసుకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. అంతరిక్షంలో తూర్పు లేదు. ఆరిపోయిన చుక్క కనబడదు. ఎవరినైనా అడుగుదామంటే అక్కడ పురుగు కూడా ఉండదు. చక్రి ముచ్చటపడి కట్టిన దారి మొత్తం ఒక్క ముక్కతో మూసుకుపోయింది. మొదటిసారి గొంతు వణికిందని సంపూర్ణమ్మ మళ్ళీ చెప్పింది. రెండోసారి నవ్వు వచ్చిందని ఇంకోసారి చెప్పింది. రికార్డులన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని అతను లేచేసరికి, ఆవిడ అతని ఫోను చెవికి పెట్టుకుని తన గొంతు తనే వింటూ మురిసిపోతోంది. పాపం విననివ్వండి అంది కృప. ఆమోసు ఆ సంతోషంలో పెసరట్టు కూడా తినకుండా, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. పెళ్ళయ్యాక అతను ఈల వెయ్యడం కృప వినలేదు. ఏదో జరగబోతోందని ఆవిడకి అప్పుడే అనిపించింది.

ఆఫీసులో చక్రి తెర ముందు కూర్చుని మీటలు సరిచేసుకుంటున్నాడు. గొంతు తెచ్చాను, ఎక్కించేస్తున్నాను, ఒకసారి వింటావా అని ఆమోసు అడిగాడు.

"మీరు చేశాక నేను వినేదేముందండీ," అన్నాడు చక్రి తల తిప్పకుండా. "మీకు అనవసరంగా శ్రమ ఇచ్చాను."

ఆ మాట ఆమోసు గుండెలో ముల్లులా గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే టీకొట్టువాడు వచ్చి చక్రి ముందు మీగడ టీ పెట్టాడు. ముల్లు దానంతటదే ఊడిపోయింది. ఆమోసు గొంతు ఎక్కించేశాడు.

టీ అయ్యాక లక్ష్మీకాంత్ గారు ఇస్త్రీ చొక్కాలో బయటికి వచ్చి, మేడం గారు ఎంతవరకు వచ్చారని ఆమోసుని అడిగాడు. ఛాయాదేవి గారు రాత్రి మంగళగిరిలో బంధువుల ఇంట్లో దిగింది. పొద్దున్నే కారులో బయల్దేరుతానంది. ఫోను మ్యాపుల్లో ఆఫీసు మొదటినుంచీ తప్పు చోటే కనిపిస్తోంది. అందుకని ఆవిడకి ఫోనులో దారి చెప్పే పని ఆమోసుకి అప్పగించి, అతని నంబరు ఇచ్చారు. గేము చూపించే పని చక్రికి, దారి చెప్పే పని తనకి. దానికీ ఆమోసు ఒక పూటంతా కుమిలిపోయాడు.

ఇప్పుడు జేబు తడుముకున్నాడు. రెండో జేబు కూడా తడుముకున్నాడు. చెవికి ఫోను పెట్టుకుని మురిసిపోతున్న అత్తగారు కళ్ళ ముందు కదిలింది.

లక్ష్మీకాంత్ గారు ఆమోసు ఫోనుకి చేస్తే, వేరే కాల్‌లో ఉంది. ఛాయాదేవి గారికి చేస్తే, ఆవిడా వేరే కాల్‌లోనే ఉంది. కాసేపాగి మళ్ళీ చేశాడు, రెండూ అంతే. ఇద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారో ఆయనకి అర్థం కాలేదు. ఆమోసుకి అర్థమైంది. చక్రి తన ఫోను తీసి ఇచ్చాడు. చక్రి ఫోనులోంచి తన ఫోనుకి చేసుకోవలసి రావడం కూడా ఆ రోజు ఆమోసు నుదుట రాసి ఉంది. నాలుగోసారికి సంపూర్ణమ్మ ఎత్తింది.

"ఇప్పుడు కుదరదు బాబూ. గేములోంచి ఎవరో అమ్మాయి దారి అడుగుతోంది. నువ్వు చెప్పమన్నట్టే చెప్తున్నా. మిల్లు దాకా వచ్చేసింది," అని పెట్టేసింది.

ఆమోసుకి ఏ మిల్లో తెలియదు. ఏ మిల్లయినా ఇప్పుడు లేదన్నది మాత్రం తెలుసు. సంగతి సగం విని లక్ష్మీకాంత్ గారు చొక్కా పైగుండీ విప్పేసుకున్నాడు. ఆవిడ కోపం వచ్చి అటునుంచి అటే వెళ్ళిపోతే ఇంతమంది జీతాలు ఎక్కణ్ణించి తేవాలని అడిగాడు. వెళ్ళి తీసుకురమ్మన్నాడు. ఆమోసు స్కూటరు ఆ రోజే పంక్చరై ఉంది కాబట్టి చక్రి బండి వెనక ఎక్కక తప్పలేదు. ఎక్కాక, చక్రి బండి ఎంత మెత్తగా నడుపుతాడో కూడా చూడక తప్పలేదు.

మీ ఇంటికి దగ్గర దారి ఎటండీ అని చక్రి దారిలో అడిగాడు. ఆమోసు ఆలోచన ఎక్కడో ఉంది.

"తిన్నగా పోనీ. ముందర పెట్రోలు బంకు ఉండేది చూడు, అక్కడ ఎడంచేతికి."

"ఉండేదంటే, ఇప్పుడు లేదాండీ?"

లేదు. బంకు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. ఆ సంగతి ఆమోసుకి తట్టేసరికి మలుపు కూడా దాటిపోయింది. ఏలూరు రోడ్డులో మళ్ళీ వెనక్కి తిరగడానికి ఎంతో దూరం పోవలసి వచ్చింది. ఇన్నేళ్ళు అత్తగారితో ఒకే ఇంట్లో అన్నం తిన్నాక ఆ జబ్బు తనకీ అంటుకుందని అతనికి ఆ ఎండలో తెలిసివచ్చింది.

ఇంటి దగ్గర కృప తలుపు తీసి, చక్రికి ముందు మంచినీళ్ళిచ్చింది.

"ఇప్పుడే బయల్దేరారు, అమ్మా ఆవిడా. ఆవిడ ఆమోసు గారి దగ్గరికి రావాలని అంటే అమ్మ ఇంటికి రప్పించింది. మీకు చేద్దామంటే మీ ఫోను అమ్మ చేతిలోనే ఉంది. అమ్మ దారి చూపిస్తానని ముందు సీట్లో కూర్చుంది. నేను డ్రైవరుని పక్కకి పిలిచి స్వీట్ల షాపు పేరు చెప్పానులే, భయపడకండి."

ఆవిడ ఎలా ఉందని ఆమోసు నీరసంగా అడిగాడు. చెప్పు తెగింది, చీర మోకాళ్ళ దాకా బురద, ఏమీ మాట్లాడలేదు, రెండు పెసరట్లు తింది అని కృప చెప్పింది. అంటూనే చక్రి చేతిలో ఒక పెసరట్టు పెట్టింది. ఆమోసు వాటా పెసరట్లు ఛాయాదేవి గారు తిన్నవే కాబట్టి అతనికి మిగల్లేదు.

తిరుగుదారిలో ఆమోసు మనసు విచిత్రంగా కుదుటపడటం మొదలుపెట్టింది. చెప్పు తెగింది. బురద. మాట్లాడలేదు. అంటే ఆవిడ మండిపడుతోంది. ఆ మంట మీద గేములో అదే గొంతు, అవే తూర్పులు, అవే ఉండేదిలు వినబడితే ఇక చక్రి పద్ధతికి నూకలు చెల్లినట్టే. ఆవిడ గిర్రున తిరిగి, వేరే ఏదైనా ఉందా అంటుంది. అప్పుడు స్కానరు. చక్రి వీపు వెనక కూర్చుని అతను చిన్నగా ఈల వేశాడు.

గదిలోకి వెళ్ళేసరికి అంతా అతను ఊహించినట్టే ఉంది. ఛాయాదేవి గారు తెర ముందు కూర్చుని ఉంది. తెగిన చెప్పు బల్ల మీద, చూపించబోయే కాగితాల పక్కన ఉంది. పక్క కుర్చీలో సంపూర్ణమ్మ, ఒళ్ళో ఆమోసు ఫోను. తెరలోంచి ఆవిడ గొంతే వస్తోంది. "ఎర్రచుక్క ఉండేది చూడు, ఇప్పుడు లేదులే." లక్ష్మీకాంత్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఛాయాదేవి గారు ఆట ఆపి, వెనక్కి తిరిగింది.

"ఈవిడ చేత ఈ రకంగా దారి చెప్పించాలన్న ఆలోచన ఎవరిది?"

ఆవిడ కళ్ళు ఒక్కొక్కరి మీదా ఆగుతూ వచ్చి ఆమోసు మీద ఆగాయి. ఆమోసు క్షణం కూడా తటపటాయించలేదు.

"చక్రిదండీ. మొత్తం చక్రి ఆలోచనే."

చక్రి తెల్లబోయి చూశాడు. లక్ష్మీకాంత్ గారు కళ్ళు మూసుకున్నాడు. సంపూర్ణమ్మ మాత్రం నిండుగా తలూపింది. "అవునమ్మా. గేము చక్రి అబ్బాయిదేనని పొద్దున మా అల్లుడుగారే చెప్పారు."

ఛాయాదేవి గారు తెర వైపు తిరిగి ఆట మళ్ళీ మొదలుపెట్టింది. తూర్పెటమ్మా అని సంపూర్ణమ్మని అడిగింది. పొద్దు పొడిచే వైపు, ఇంకెటు అంది సంపూర్ణమ్మ. ఛాయాదేవి గారు నౌకని అక్కడే ఆపి ఎదురు చూసింది. కాసేపటికి మజిలీ పక్క గ్రహం చాటునుంచి ఒక సూర్యుడు పైకి వచ్చాడు. ఆవిడ నౌకని అటు తిప్పింది. నల్లటి ఆకాశంలో తిన్నగా పోతూ, వేగం బాగా తగ్గించి, లేనిదాని కోసం వెతకడం మొదలుపెట్టింది. గదిలో అందరూ తమకి తెలియకుండానే ముందుకి వంగారు. చాలాసేపటికి తెర అంచున సన్నగా, కుంకుమ చల్లినట్టు ఎర్రటి ధూళి మెరిసింది.

"ఇక్కడుండేదన్నమాట," అంది ఛాయాదేవి గారు మెల్లిగా.

అది ఆమోసు ధూళి. రేణువు రేణువుగా అల్లినది. తొలిసారి ఒక మనిషి దాన్ని చూసి ఆగింది. నాదండీ అది, అని నోటిదాకా వచ్చింది. అంతా చక్రిదేనని అంతకుముందే తన నోటితోనే చెప్పి ఉన్నాడు. ఆవిడ అక్కడ ఉత్తరానికి తిరిగింది. నీలిదిబ్బ, చిన్న నీలం చంద్రుడు, తెర నిండా పైకి వచ్చింది. లక్ష్మీకాంత్ గారే ముందు చప్పట్లు కొట్టాడు.

ఛాయాదేవి గారు ఇటు తిరిగేసరికి ఆవిడ మొహంలో కోపం లేదు. ఆ పొద్దుటి పూటంతా లేని వాటి కోసం ఊరంతా తిరిగానని చెప్పింది. లేని హోటలు ఎక్కడుండేదని అడిగితే, ఒక వాచీలు బాగుచేసే ముసలాయన ఆ హోటల్లో జరిగిన తన పెళ్ళిచూపులు మొత్తం చెప్పాడట. లేని మిల్లు కోసం కాలవగట్టు మీద చెప్పు తెంచుకుంటే, ఒకావిడ చెయ్యి పట్టి దాటించి ఆ మిల్లు తౌడు వాసన ఎంత దూరం వచ్చేదో చెప్పిందట. మ్యాపు చూసుకుంటూ వచ్చి ఉంటే ఈ ఊళ్ళో తనకి ఒక రోడ్డు తప్ప ఏమీ కనిపించేది కాదంది.

"నన్ను కావాలనే దారి తప్పించి, గేము ఏమిటో ముందు ఊళ్ళో ఆడించారు. నేను ఎన్నో డెమోలు చూశాను చక్రి గారూ, ఇట్లాంటిది చూడలేదు."

"నాది కాదండీ," అన్నాడు చక్రి కంగారుగా. "నేను రాసింది వేరే. ఇది ఆమోసు గారు చేసిందే. ఆ ఎర్రధూళి కూడా ఆయనదే."

"విన్నారా లక్ష్మీకాంత్ గారూ," అంది ఛాయాదేవి గారు. "ఎంత వినయమో. ఇట్లాంటి లీడ్ దొరకడం కష్టం."

లక్ష్మీకాంత్ గారు అక్కడికక్కడే చక్రిని అన్వేషణ విభాగానికి లీడ్ చేశాడు. తరవాత ఆమోసు దగ్గరికి వచ్చి, తోటివాడి గొప్పతనం ఇంత నిండుమనసుతో ఒప్పుకునేవాణ్ణి తను చూడలేదని భుజం తట్టాడు. ఈసారి బల్లి లేదు. ఆ రెండో తట్టు కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశాడో తలుచుకుని ఆమోసుకి ఏడుపొచ్చింది. చూసినవాళ్ళు ఆనందబాష్పాలనుకున్నారు.

చక్రి లీడ్ కుర్చీలో కూర్చున్న రోజునే ఏసీ బాగుచేయించాడు. స్కానరుని తీసేద్దామని అందరూ అంటే, ఆమోసు గారు కష్టపడ్డారు, ఉంచాల్సిందేనని పట్టుపట్టాడు. దారి తప్పినవాళ్ళు ఎంత దూరం తప్పారో కొలుచుకోవడానికి దాన్ని వాడారు. మీటలు ఎనిమిది నుంచి ఒకటికి తగ్గాయి. ఇప్పుడు ఎవరూ ఆవులించడం లేదు. మిగతా మజిలీలన్నిటికీ సంపూర్ణమ్మ గొంతే కావాలని ఛాయాదేవి గారు చెప్పింది కాబట్టి, రోజూ ఆవిడని స్కూటరు మీద ఆఫీసుకి తీసుకురావడం ఆమోసు పని అయింది. టీకొట్టువాడు ఆవిడకి కూడా మీగడ వేసి ఇస్తున్నాడు.

గేము పూర్తయ్యాక, చివర పేర్లు వచ్చే చోట ఆమోసు పేరు లేకపోతే తన పేరూ వద్దని చక్రి మొండికేశాడు. ఏ పని కింద వెయ్యాలో తెలియక లక్ష్మీకాంత్ గారు ఛాయాదేవి గారికి ఫోను చేశాడు. ఆవిడ నవ్వి, ఆ పూట నన్ను ఇంటిదాకా తిప్పింది ఆయన ఫోనే కదా అందట. దారి కనిపెట్టినవారు చక్రి, దారి చెప్పినవారు సంపూర్ణమ్మ, దారి తప్పించినవారు ఆమోసు అని వేశారు. అందులో పూర్తిగా నిజమైన ముక్క ఏదో ఆమోసుకి ఒక్కడికే తెలుసు.